మాట అనే ముందు, మాట పడ్డాక

ఇతరులను నొప్పించకుండా మాట్లాడటాన్ని మనం మర్యాదకు సంబంధించిన విషయంగా, ఇతరుల మాటలకు నొచ్చుకున్నప్పుడు తేరుకోవడాన్ని మనోధైర్యానికి సంబంధించిన విషయంగా వేరు చేసి చూస్తాం. నిజానికి ఈ రెండింటికీ కావలసిన నేర్పు ఒక్కటే: జరిగిన పనిని, ఆ పని చేసిన మనిషిని విడదీసి చూడగలగడం. మాట్లాడేటప్పుడు ఈ రెండూ కలిసిపోతే విమర్శ కాస్తా నింద అవుతుంది. వినేటప్పుడు కలిసిపోతే చిన్న ఆక్షేపణ కూడా మన వ్యక్తిత్వం మీద వెలువడిన తీర్పులా వినిపిస్తుంది. కాబట్టి ముందు మాట అనే వైపు నుంచి, ఆ తరువాత మాట పడే వైపు నుంచి ఏం చేయాలో వరుసగా చూద్దాం. రెండవ వైపుకే ఎక్కువ చోటు కావాలి, ఎందుకంటే మన నోరు ఎంతో కొంత మన అదుపులో ఉంటుంది గాని ఎదుటివారి నోరు ఉండదు.

"ఒక్క మాటకే ఇంత బాధపడాలా" అని తమను తామే కించపరచుకునేవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. నవోమీ ఐసెన్‌బర్గర్, ఆమె సహ పరిశోధకులు 2003లో 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో పాల్గొన్నవారు మెదడు స్కానర్‌లో ఉండగా కంప్యూటర్ తెర మీద బంతి విసురుకునే ఆట ఆడారు. కాసేపటికి మిగతా ఆటగాళ్లు వారికి బంతి ఇవ్వడం మానేశారు. అలా వెలివేతకు గురైన సమయంలో, ఒంటి నొప్పి కలిగించే బాధతో ముడిపడిన మెదడు భాగమొకటి చురుకుగా పనిచేసినట్టు కనిపించింది. ముక్కూమొహం తెలియనివాళ్లు బంతి విసరకపోతేనే అంత కదలిక వచ్చిందంటే, కావలసినవాళ్లు అన్న మాట గుచ్చుకోవడంలో వింతేమీ లేదు. అలాగే రాయ్ బామైస్టర్, ఆయన సహచరులు 2001లో అనేక అధ్యయనాలను సమీక్షించి, మంచి అనుభవాల కంటే చెడు అనుభవాలే మనసు మీద బలమైన ముద్ర వేస్తాయని తేల్చారు. పది మెచ్చుకోళ్లు మరిచిపోయి ఒక్క ఎత్తిపొడుపును పట్టుకుని కూర్చోవడం మీ ఒక్కరి బలహీనత కాదు. మీరు అన్న మాట కూడా అవతలివారి మనసులో అంతే బలంగా నిలిచిపోతుందన్నది దీనికి రెండో పార్శ్వం.

ముందు ఉద్రేకం దిగనివ్వండి

ఆలోచించి మాట్లాడమని సలహా ఇవ్వడం తేలిక. కోపం వచ్చిన సమయంలో ఆలోచనే సరిగా సాగకపోవడం అసలు చిక్కు. దంపతుల మధ్య వాదనలను ఏళ్ల తరబడి ప్రయోగశాలలో గమనించిన అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్, గుండె నిమిషానికి సుమారు 100 సార్లకు మించి కొట్టుకునే స్థితికి చేరిన మనిషి ఎదుటివారి మాటను సరిగా వినలేడని, ఆ ఉద్రేకం తగ్గడానికి కనీసం 20 నిమిషాల విరామం కావాలని చెబుతారు. అందువల్ల మొదట గమనించవలసింది మాటను కాదు, ఒంటిని. దవడలు బిగుసుకోవడం, చెవులు వేడెక్కడం, గొంతు హెచ్చడం, అవతలివారు వాక్యం పూర్తిచేయకముందే జవాబు నాలుక చివరకు వచ్చి కూర్చోవడం మీలో కనిపిస్తే, అప్పుడు మీరు చెప్పబోయేది ఎంత నిజమైనా చెప్పవలసిన వేళ మాత్రం అది కాదు.

అయితే విరామం తీసుకునే పద్ధతి కూడా ఒకటుంది. ఏమీ చెప్పకుండా లేచి వెళ్లిపోతే అది అవతలివారికి మరో అవమానంగా తోస్తుంది. "ఇప్పుడు నేను కోపంలో ఉన్నాను, ఏదో ఒకటి అనేస్తాను. అరగంట ఆగి మాట్లాడుకుందాం" అని వేళ చెప్పి మరీ లేవండి, చెప్పిన వేళకు తప్పకుండా తిరిగి రండి. ఆ మధ్యలో కాసేపు నడవండి, మొహం కడుక్కోండి, వేరే పనేదైనా చేసుకోండి. తిరిగి వెళ్లాక ఏమని దులిపేయాలో మనసులో కూర్చుకుంటూ గడిపితే ఆ అరగంటా వృథాయే.

మనిషి మీద కాక, జరిగినదాని మీద మాట్లాడండి

ఈ అంచె మీద మాత్రం కాస్త ఓపికగా నిలబడాలి, ఎందుకంటే మాటలు గాయపరచడానికి ఎక్కువ సందర్భాల్లో కారణం ఇక్కడే ఉంటుంది. మీతో కలిసి పనిచేసే వ్యక్తి నిన్న సాయంత్రానికి పంపుతానన్న లెక్కలు పంపలేదు, దానివల్ల మీ పని ఆగిపోయింది అనుకుందాం. నోటికి మొదట వచ్చే వాక్యం "నీకసలు బాధ్యతే లేదు" అన్నది. ఈ వాక్యంలో లెక్కల ప్రస్తావన లేదు, సాయంత్రం ప్రస్తావన లేదు, మీ ఇబ్బంది ప్రస్తావన అంతకన్నా లేదు. ఉన్నదల్లా ఒక మనిషి స్వభావం మీద ఇచ్చిన తీర్పు. అవతలివారు ఇప్పుడు లెక్కల సంగతి వదిలేసి, తనకు బాధ్యత ఉందని నిరూపించుకునే పనిలో పడతారు. మీకూ ఏవో పాత తప్పులు లేకపోవు కాబట్టి అవి కూడా బయటికి వస్తాయి.

అదే సంగతిని ఇలా చెప్పి చూడండి: "నిన్న సాయంత్రానికి వస్తాయన్న లెక్కలు ఇప్పటికీ నాకు చేరలేదు. వాటి కోసం నా పని ఆగింది. మధ్యాహ్నంలోగా పంపగలవా?" ఇందులో మూడు విషయాలున్నాయి. మొదటిది, జరిగింది జరిగినట్టుగా చెప్పడం. పక్కన నిలబడి చూసిన మూడో మనిషి కూడా కాదనలేనంత మేరకే చెప్పాలి. రెండవది, దానివల్ల మీకు కలిగిన ఇబ్బంది. మూడవది, ఇప్పుడు మీరు కోరుతున్నది. కోరిక లేని ఫిర్యాదు అవతలివారికి ఏం చేయాలో తెలియనివ్వదు, వినడం తప్ప దారి చూపదు.

"నువ్వు" అని మొదలుపెట్టి నిందించే బదులు "నాకు" అని మొదలుపెట్టి చెప్పుకునే ఈ పద్ధతిని మనస్తత్వవేత్త థామస్ గోర్డన్ 1960లలో ప్రచారంలోకి తెచ్చారు. పద్ధతి మంచిదే గాని దాన్ని దుర్వినియోగం చేసేవారే ఎక్కువ. "నువ్వు స్వార్థపరుడివని నాకు అనిపిస్తోంది" అన్న వాక్యం "నాకు" అన్న ముసుగు వేసుకున్న నింద మాత్రమే. మీ వాక్యంలో అవతలి మనిషికి ఏదైనా విశేషణం తగిలించారేమో చూసుకోండి. తగిలించి ఉంటే అది ఇంకా తీర్పే.

వాక్యం నోటి నుంచి బయటపడకముందే తీసేయవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. "ఎప్పుడూ", "ఒక్కసారైనా", "నీలాంటివాళ్లు", "నాకు ముందే తెలుసు" అన్నవి వాటిలో ముఖ్యమైనవి. "నువ్వెప్పుడూ ఆలస్యమే" అనగానే అవతలివారు సమయానికి వచ్చిన ఒక రోజును వెతికి పట్టుకుంటారు, అక్కడితో మీ మాట అబద్ధమైపోతుంది. ఇతరులతో పోల్చడం, ఎప్పుడో ముగిసిపోయిన సంగతి తవ్వితీసి దెప్పడం, వెటకారం చేసి "ఊరికే సరదాకన్నాను" అనడం ఈ కోవలోకే వస్తాయి. ముందు రెండు పొగడ్తలు చెప్పి తరువాత విమర్శ చెప్పమనే సలహా మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. వినేవారు పొగడ్తను వినరు, దాని వెనకాల రాబోయే "కానీ" కోసం ఎదురుచూస్తారు. మెచ్చుకోవలసినది ఉంటే దాన్ని వేరే రోజున, దానికోసమే మెచ్చుకోండి.

మొదలుపెట్టే తీరు ఎంత ముఖ్యమో గాట్‌మన్, సిబిల్ కారేర్ 1999లో ప్రచురించిన పరిశీలన చూపుతుంది. కొత్తగా పెళ్లయిన 124 జంటల వాదనలను గమనించి, ఆ జంటలు ఆ తరువాతి ఏళ్లలో విడిపోతాయా లేదా అన్నదాన్ని సంభాషణలోని మొదటి మూడు నిమిషాల తీరును బట్టే చాలావరకు ఊహించవచ్చని వారు కనుగొన్నారు. కాబట్టి క్లిష్టమైన సంభాషణలో ముందుగా సిద్ధం చేసుకోవలసింది మొదటి రెండు వాక్యాలనే. అవసరమైతే వాటిని కాగితం మీద రాసుకుని వెళ్లినా తప్పులేదు.

వేళ, చోటు, రాతలో పంపే మాట

తప్పును నలుగురిలో చెప్పకండి. ఎంత మెత్తగా చెప్పినా నలుగురిలో చెబితే అది పరువుకు సంబంధించిన విషయమవుతుంది. ఆకలి మీద, నిద్రమత్తులో, బయటికి బయలుదేరుతున్న హడావిడిలో ఉన్నవారితో గంభీరమైన విషయం ఎత్తకండి.

మెసేజ్‌లో రాసేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ తదితరులు 2005లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఈమెయిల్ పంపినవారు తమ మాటలోని వెటకారాన్ని, గాంభీర్యాన్ని అవతలివారు సులువుగా పసిగడతారని అనుకున్నారు గాని, చదివినవారు వారు ఊహించినంతగా పసిగట్టలేకపోయారు. రాసేటప్పుడు మన గొంతు మనకు వినిపిస్తుంది, చదివేవారికి అది వినిపించదు. మనస్పర్థకు సంబంధించినదేదైనా ఫోన్ చేసి గాని, ఎదురుగా కూర్చుని గాని మాట్లాడటమే మేలు. రాయక తప్పకపోతే రాసి వెంటనే పంపకుండా కొన్ని గంటలాగి, మీరంటే గిట్టనివారు చదివితే ఎలా అర్థం చేసుకుంటారో ఆ తీరున మళ్లీ చదివి అప్పుడు పంపండి.

నోరు జారితే

ఎంత జాగ్రత్తపడ్డా ఎప్పుడో ఒకప్పుడు మాట తూలుతుంది. అప్పుడు "నా మాటకు నువ్వు బాధపడి ఉంటే క్షమించు" అనకండి, ఎందుకంటే ఆ వాక్యంలో తప్పు బాధపడినవారిది అవుతుంది. రాయ్ లెవికి, ఆయన సహచరులు 2016లో క్షమాపణలో ఉండే ఆరు అంశాలను పరీక్షించి చూసినప్పుడు, తప్పు తనదేనని ఒప్పుకోవడం అన్నిటికంటే ముఖ్యమైనదిగా, దాన్ని సరిదిద్దుతానని చెప్పడం దాని తరువాతదిగా తేలింది. "నన్ను క్షమించు" అని అడగడం అన్నిటికంటే తక్కువ విలువైనదిగా మిగిలింది. అంటే "నిన్న అందరి ముందు నిన్ను చేతకానివాడివి అన్నాను. అలా అనకూడదు, అది నా తప్పు. ఆ నలుగురితో కూడా అదే చెబుతాను" అన్నది చాలు. ఎందుకు అనవలసి వచ్చిందో వివరించడం అక్కడితో కలపకండి, అది సంజాయిషీ అవుతుంది. వెంటనే మామూలుగా మాట్లాడాలని కూడా ఆశించకండి.

మాట పడిన క్షణంలో

ఇక రెండవ వైపుకు వద్దాం. గుచ్చుకునే మాట విన్న వెంటనే మనకు రెండే దారులు తోస్తాయి: మాటకు మాట అనడం, లేదా నవ్వేసి ఊరుకోవడం. మొదటిది గొడవను పెంచుతుంది. రెండవది, ముఖ్యంగా ఇబ్బంది నవ్వు, ఆ మాట మీకు సమ్మతమేనన్న సంకేతాన్ని పంపుతుంది. మూడో దారి ఏమిటంటే, వెంటనే ఏమీ చేయకపోవడం. శ్వాసను లోపలికి పీల్చిన దానికంటే నెమ్మదిగా, ఎక్కువసేపు బయటికి వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కొంత తగ్గుతుంది కాబట్టి ఇది ఉత్తి ఓదార్పు చిట్కా కాదు. ఆ రెండు మూడు శ్వాసల మౌనం మీకు యుగంలా అనిపించవచ్చు గాని చూసేవారికి అది నిదానంగానే కనిపిస్తుంది.

ఆ తరువాత కూడా జవాబు తోచకపోతే అడగండి: "మీరన్నది నాకు సరిగా అర్థం కాలేదు, ఇంకోసారి చెబుతారా?" అనాలోచితంగా అన్నవారు రెండోసారి చెప్పేటప్పుడు చాలాసార్లు మాట మార్చుకుంటారు. కావాలని సూటిపోటిగా అన్నవారికి ఆ మాటనే విడమరచి మళ్లీ చెప్పడం ఇబ్బందిగా ఉంటుంది. ఈ ప్రశ్న అడిగేటప్పుడు మీ గొంతులో వెటకారం ఉండకూడదు, లేకపోతే అది ఎదురుదాడి అయిపోతుంది.

విన్న మాటను చెరిగి చూడండి

కోపం కాస్త సద్దుమణిగాక, విన్నదాన్ని చేటలో పోసి చెరిగినట్టుగా గింజను, పొల్లును వేరుచేయాలి. బంధువులంతా కూర్చుని ఉండగా ఒక అక్క తమ్ముడిని చూపించి, "వీడికి ఏ పని అప్పగించినా ఇంతే, సగంలో వదిలేస్తాడు" అన్నదనుకుందాం. అందరూ నవ్వారు. తమ్ముడి మొహం వాడిపోయింది. ఆ రాత్రి అతను ఒంటరిగా కూర్చుని ఆ మాటను విడదీసి చూస్తే అందులో మూడు వేర్వేరు సంగతులు కనిపిస్తాయి. ఇంటి కాగితాల పని అతను మొదలుపెట్టి మధ్యలో ఆపేసిన మాట వాస్తవం. "ఏ పని అప్పగించినా" అన్నది మాత్రం అవాస్తవం. అతను పూర్తిచేసిన పనులు అక్కకూ తెలుసు, అతనికీ తెలుసు. ఇక అందరి ముందు అనడం అన్నది అక్క చేసిన తప్పు. మొదటిది అతను దిద్దుకోవలసినది, రెండవది వదిలేయవలసినది, మూడవది అక్కతో మాట్లాడవలసినది. విడదీయకముందు మూడూ కలిసి "నేను పనికిమాలినవాణ్ణి" అన్న ఒకే ముద్దగా కనిపించి ఉంటాయి.

మర్నాడు అతను అక్కతో విడిగా ఇలా అనవచ్చు: "అక్కా, ఆ కాగితాల పని నేను ఆపేసిన మాట నిజమే, ఈ వారంలో పూర్తిచేస్తాను. కానీ నిన్న అందరి ముందు నువ్వలా అనేసరికి నాకు చాలా కష్టంగా అనిపించింది. ఇకముందు నాలో ఏదైనా నచ్చకపోతే నాతో ఒంటరిగా చెప్పు." అక్క ఒప్పుకోవచ్చు, "అంతమాత్రానికేనా" అని కొట్టిపారేయవచ్చు. కొట్టిపారేసినా అతను చెప్పవలసింది చెప్పినట్టే. ఇలాంటప్పుడు మీ వంతు అక్కడితో పూర్తవుతుంది. అవతలివారు మారేదాకా వాదించడం మీ బాధ్యత కాదు.

చెరిగేటప్పుడే మరో ప్రశ్న వేసుకోవాలి: అన్న మనిషి ఆ సమయంలో ఏ స్థితిలో ఉన్నారు? ఇతరుల ప్రవర్తనకు వారి స్వభావమే కారణమని తేల్చేసి, వారి పరిస్థితులను తక్కువగా లెక్కగట్టే పొరపాటును మనస్తత్వవేత్త లీ రాస్ 1977లో ఒక ప్రాథమిక పొరపాటుగా వర్ణించారు. మనం కసిరితే ఆ రోజు అలసిపోయి ఉన్నాం, అవతలివారు కసిరితే వారి బుద్ధే అంత. ఇలా ఆలోచించడం వారి మాటను సమర్థించడం కోసం కాదు. ఆ మాట ఎంతవరకు మీ గురించి, ఎంతవరకు వారి అలసట గురించి అన్నది తెలిస్తే మీరు మోయవలసిన బరువు తగ్గుతుంది. చెప్పిన మనిషికి ఆ విషయం గురించి నిజంగా తెలుసా, మీ మేలు కోరేవారేనా అని కూడా చూసుకోండి. రెండూ అవునైతే మాట కటువుగా ఉన్నా గింజ కోసం వెతకడం దండగ కాదు. రెండూ కాకపోతే ఎక్కువసేపు చెరగనక్కర లేదు.

మాట మనసులో తిరుగుతూనే ఉంటే

మాట విన్నది ఒక్కసారే అయినా, మనం దాన్ని వందసార్లు మళ్లీ వినిపించుకుంటాం. కోపమంతా కక్కేస్తే పోతుందని చాలామంది నమ్ముతారు గాని, బ్రాడ్ బుష్‌మన్ 2002లో ప్రచురించిన ప్రయోగం దానికి విరుద్ధంగా తేలింది. తమను అవమానించిన వ్యక్తిని తలచుకుంటూ బాక్సింగ్ సంచిని గుద్దినవారిలో కోపం తగ్గకపోగా, ఏమీ చేయకుండా కూర్చున్నవారి కంటే ఎక్కువగా కనిపించింది. జరిగినదాన్ని ప్రతి స్నేహితుడికీ మళ్లీ మళ్లీ చెప్పి నిప్పు రాజేసుకోవడం కూడా ఇలాంటిదే. ఒకరికి చెప్పుకోండి, అది కూడా "అయ్యో" అనేవారికి మాత్రమే కాక, "సరే, ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావు" అని అడగగలిగేవారికి.

ఇంతకంటే ఉపయోగపడే పనులు మూడు ఉన్నాయి. కలిగిన బాధకు సరైన పేరు పెట్టడం వాటిలో తేలికైనది. అది కోపమా, అవమానమా, చులకనైపోయామన్న దిగులా, ఆప్తులు కూడా ఇంతేనా అన్న నిరాశా? భావాన్ని మాటల్లో పెట్టినప్పుడు మెదడులో భయానికి, ఉద్రేకానికి సంబంధించిన అమిగ్డలా స్పందన తగ్గుతుందని మాథ్యూ లీబర్మన్ బృందం 2007లో చూపింది. రెండవది, మీతో మీరు మాట్లాడుకునేటప్పుడు "నేను" అనకుండా మీ పేరు పెట్టి పిలుచుకోవడం. వినడానికి నవ్వు వచ్చే ఈ పద్ధతి, మనసుకు ఆ సంఘటన నుంచి కాస్త దూరం కల్పించి ఒత్తిడిని తగ్గిస్తుందని ఈథన్ క్రాస్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగాలు తెలిపాయి. మూడవది రాయడం. జేమ్స్ పెన్నిబేకర్ 1986లో మొదలుపెట్టిన పద్ధతిలో వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున, మనసును కలచివేసిన సంగతిని ఎవరికీ చూపనక్కర లేకుండా రాసుకుంటారు. రాసిన వెంటనే దిగులు పెరిగినట్టు అనిపించడం మామూలే కాబట్టి మొదటి రోజునే మానేయకండి. అయితే రాతలో ప్రతిసారీ అదే తిట్టు అదే క్రమంలో వస్తుంటే, కారణాల గురించి, ఇకముందు చేయవలసినదాని గురించి రాయడం మొదలుపెట్టండి.

అదే మనిషి, అవే మాటలు

ఇంతవరకు చెప్పినదంతా అప్పుడప్పుడు ఎదురయ్యే మాటలకు వర్తిస్తుంది. ఒకే మనిషి రోజూ కించపరుస్తుంటే, బెదిరిస్తుంటే, మీ కదలికలను మాటలతోనే కట్టడి చేస్తుంటే అది సర్దుకుపోవలసిన విషయం కాదు. అక్కడ అర్థం చేసుకునే బాధ్యతను మీ మీదే వేసుకోకండి. ముందుగా హద్దు చెప్పండి: "మీరు గొంతు పెంచి తిడితే నేను గదిలో నుంచి వెళ్లిపోతాను. మామూలుగా మాట్లాడితే వింటాను." హద్దు అంటే అవతలివారు ఏం చేయాలో ఆదేశించడం కాదు, మీరేం చేస్తారో తెలియజేయడం. అందుకే మీ చేతిలో ఉన్నదాన్నే చెప్పండి, చెప్పినదాన్ని మొదటిసారే ఆచరించండి. ఆచరించని హద్దు తరువాతి మాటకు విలువ లేకుండా చేస్తుంది. హద్దు చెప్పడమే మీకు ప్రమాదమయ్యే పరిస్థితి ఉంటే ఏమీ చెప్పకుండా, నమ్మకమైనవారికి విషయం తెలిపి ముందు సురక్షితమైన చోటికి చేరుకోండి.

పనిచేసే చోట ఇలా జరుగుతుంటే తేదీ, సమయం, అన్న మాట అన్నట్టుగానే, అక్కడున్నవారి వివరాలు ఏ రోజుకారోజు రాసి పెట్టుకోండి. ఫిర్యాదు చేసే వేళకు "చాలాసార్లు అవమానించారు" అన్న వాక్యం కంటే ఆ పట్టీయే ఎక్కువ పనిచేస్తుంది. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, ఎవరినీ కలవాలనిపించకపోవడం రెండు వారాలకు మించి సాగితే మానసిక వైద్యుణ్ణి గాని కౌన్సెలర్‌ను గాని కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాల లెక్క చూడకుండా ఆ రోజే కలవండి, ఒంటరిగా ఉండకండి. వారి దగ్గరికి వెళ్లినప్పుడు ఏం చెప్పాలో తోచకపోతే, మీరు రాసుకున్న కాగితాలనే వారి చేతిలో పెట్టి అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.